గొంతుకు తగిన యంత్రం

సాకేతమనగానే తెలుగువారికి అయోధ్యా నగరం స్ఫురిస్తుంది. పండితులకే కాదు, భజనగోష్ఠిలో తాళం వేసే సామాన్యునికి సైతం సాకేత రాముడు చిరపరిచితుడు. ఢిల్లీ నగరపు దక్షిణ భాగాన ఆ పురాతన నామాన్నే ధరించిన నివాస ప్రాంతం ఒకటి ఉన్నది. 2010 సెప్టెంబరులో అక్కడికి మెట్రో రైలు వచ్చింది. ఆ సాకేత్ స్టేషనుకు ఎదురుగా ఉన్న సైదులాజాబ్ సందులలో అద్దె గదులు లెక్కకు మిక్కిలి. చదువుకో, కొలువుకో దూరప్రాంతాల నుంచి వచ్చిన యువజనులు వాటిలో తలదాచుకుంటారు. అటువంటి గదులలో ఒకదానిని పాఠకులు ఒక్క క్షణం ఊహించుకొందురు గాక.

మూడో అంతస్తు. ఒక మంచం, ఒక బల్ల, బల్లమీద ఒక లాప్‌టాప్. గదిలో ఉండేవాడు విజయనగరం జిల్లా నుంచి వచ్చిన యువకుడు. సంక్రాంతికి ఇంటికి వెళ్లినపుడు అమ్మమ్మ పాడిన దంపుళ్ల పాటను సెల్‌ఫోనులో రికార్డు చేసుకొని వచ్చాడు. ఆ పాట వెనుక తంబురా శ్రుతి, రోకటిపోటును తలపించే దరువు, నడుమ నడుమ కాస్త వేణునాదం: ఇంతే అతని కోరిక. ఈ పనికి కంప్యూటరులో సంగీతం కూర్చే సాఫ్ట్‌వేర్ కావాలి. ఏది మంచిది? ఒకరు ఒకటంటారు, మరొకరు అది పనికిరాదంటారు. ధరలు చూశాడు, గుణదోషాలు పట్టికలుగా వ్రాసుకొన్నాడు. ఉగాది వెళ్లింది, ఎండలు ముదిరాయి, అతడు ఇంకా పోల్చి చూస్తూనే ఉన్నాడు. వారానికొకసారి ఫోనులో అమ్మమ్మ అడుగుతూనే ఉన్నది: "ఆ పాట ఏటి సేసినావురా నానా?"

ఆమెకు ఎనభై ఏండ్లు దాటాయి. పోల్చి చూడడానికి మనుమడికి ఉన్న వ్యవధి ఆమెకు లేదు.

ఈ యువకుడు కల్పితుడే గాని, అతని సందిగ్ధం కల్పితం కాదు. నేడు సంగీతం కూర్చాలన్న ఉత్సాహంతో కంప్యూటరు ముందు కూర్చునే ప్రతి కొత్తవాడూ మొట్టమొదట చిక్కుకునే ముడి ఇదే. ఈ ముడి విప్పడానికి ఏ సాఫ్ట్‌వేర్ గొప్పదని అడిగి లాభం లేదు. తన చేతిలో ఉన్న పాట ఎటువంటిదని ముందు తనను తాను ప్రశ్నించుకోవాలి.

పనిముట్టు పాటను మలుస్తుంది

1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజనీరు గౌహర్ జాన్ గానాన్ని గ్రామఫోను రికార్డుగా ముద్రించాడు. గంటల తరబడి సాగే రాగాలాపనను ఆమె సుమారు మూడు నిమిషాలకు కుదించవలసి వచ్చింది. ఆ పరిమితి రాగానిది కాదు, పళ్లెానిది. పాట మూడు నాలుగు నిమిషాలే ఉండాలన్న అలవాటు తరువాతి కాలంలో సినిమా పాటలకూ సంక్రమించింది. పనిముట్టు తనకు తెలియకుండానే పాటను మలుస్తుంది. కొత్తవాడు గుర్తుంచుకోవలసిన మొదటి సత్యం ఇది.

మద్రాసు స్టూడియోలలో తెలుగు సినిమా పాటలు తయారైన తొలి దశాబ్దాలలో గాయకులూ వాద్యబృందమూ ఏకకాలంలో పాడి, వాయించేవారు. ఒక్కరు తప్పినా అందరూ మొదటికి రావలసిందే. పిమ్మట టేపుమీద ఒకదాని పక్కన ఒకటిగా వేర్వేరు బాటలు, అనగా ట్రాకులు, ఏర్పరచే విధానం వచ్చింది. 1967లో బీటిల్స్ బృందం వెలువరించిన 'సార్జెంట్ పెప్పర్' సంపుటం నాలుగు ట్రాకుల యంత్రాలమీదనే రూపొందింది. ఈనాడు ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్ సైతం అంతకంటె ఎన్నో రెట్లు ట్రాకులను ఇస్తుంది. కాబట్టి ట్రాకుల సంఖ్యను గురించి కొత్తవాడు బెంగపెట్టుకోనక్కరలేదు.

1983లో మరొక మలుపు వచ్చింది. వేర్వేరు కంపెనీల ఎలక్ట్రానిక్ వాద్యాలు పరస్పరం సంభాషించుకొనడానికి 'మిడి' అనే ఉమ్మడి భాష ఏర్పడింది. మిడి సందేశంలో ధ్వని ఉండదు. ఏ మీట నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. సంగీతజ్ఞుల పరిభాషలో చెప్పాలంటే ఇది స్వరలిపి వంటిది. వ్రాసుకొన్న స్వరాన్ని వీణమీదనైనా పలికించవచ్చు, వేణువుమీదనైనా పలికించవచ్చు. కాని అమ్మమ్మ గొంతు స్వరలిపి కాదు. అది సాక్షాత్తు ధ్వని. దానిని మరొక వాద్యానికి అప్పగించే వీలు లేదు.

ధ్వనినీ, స్వరలిపినీ ఒకే తెరమీద చేర్చి, కత్తిరించి, అతికించి, కలిపి, చివరకు ఒక పాటగా బయటకు తీసే సాఫ్ట్‌వేర్‌నే డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. వాడుకలో దానిని కుదించి 'డా' అంటున్నారు. జర్మనీలో పుట్టిన క్యూబేస్ 1989లోనూ, అమెరికాలో పుట్టిన ప్రోటూల్స్ 1991లోనూ వచ్చాయి. స్టూడియో అన్న మాటకు అర్థం మారడం ఆనాటినుంచే ఆరంభమైంది. మద్రాసులో ఎ.ఆర్. రెహమాన్ 1989లో తన ఇంటివద్దనే స్టూడియో నెలకొల్పుకొన్నాడు. 1992 నాటి 'రోజా' సంగీతం అక్కడే రూపుదిద్దుకొన్నది. ఢిల్లీలో 1997లో గౌరవ్ రైనా, తపన్ రాజ్ అనే ఇద్దరు యువకులు జంటగా ఏర్పడి శాస్త్రీయ సంగీతాన్ని కంప్యూటరు లయలతో మేళవించారు. వారు పెట్టుకొన్న 'మిడివల్ పండిట్జ్' అనే పేరులోనే మిడి దాగి ఉన్నది.

నాలుగు దారులు

మార్కెట్టులో ఉన్న సాఫ్ట్‌వేర్లు పేరుకు పదుల సంఖ్యలో ఉన్నా, పనితీరును బట్టి చూస్తే కొత్తవాని ఎదుట ఉన్నవి నాలుగు దారులే.

మొదటిది పాత టేపు యంత్రాన్ని అనుసరించేది. కాలం ఎడమనుంచి కుడికి సాగుతుంది. ట్రాకులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. క్యూబేస్, ప్రోటూల్స్, లాజిక్, రీపర్ ఈ తరహావి. గొంతును, వీణను, మృదంగాన్ని రికార్డు చేసి సరిదిద్దుకొనేవారికి ఈ దారి సహజంగా ఉంటుంది. వీటిలో రీపర్‌ను వినాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ రూపొందించాడు. 2006లో దాని మొదటి పూర్తి కూర్పు వెలువడింది. 60 రోజులు ఉచితంగా పరీక్షించుకోవచ్చు. పిమ్మట సొంత వాడకానికి లైసెన్సు వెల 60 డాలర్లు. పాత కంప్యూటరుమీద కూడ చురుకుగా నడుస్తుందని దీనికి పేరు. చూపులకు మాత్రం కొంత బిడియం పుట్టిస్తుంది. వాయిద్యాల నిధి కూడ దానితో పెద్దగా రాదు. లాజిక్ 2002నుంచి యాపిల్ సంస్థది. ఆ సంస్థ యంత్రాలమీద తప్ప నడవదు.

రెండవది అల్లిక దారి. చిన్న చిన్న దరువు ముక్కలను అల్లి, వాటిని వరుసగా పేర్చి పాటను నిర్మించడం దీని పద్ధతి. బెల్జియంలో 1997లో 'ఫ్రూటీలూప్స్' పేరుతో పుట్టి, అనంతరం ఎఫ్.ఎల్. స్టూడియోగా మారిన సాఫ్ట్‌వేర్ దీనికి ఉదాహరణ. ఒకసారి కొన్నవారికి తరువాతి కూర్పులు జీవితాంతం ఉచితం కావడం దాని ప్రత్యేక ఆకర్షణ. దాని పరీక్ష కూర్పులో ఒక మెలిక ఉన్నది: పని భద్రపరచుకోవచ్చు గాని, కొనేవరకు దానిని మళ్లీ తెరవడానికి వీలుండదు. ఈ సంగతి తెలియక రాత్రంతా శ్రమించినవాడు తెల్లవారి తెల్లబోవలసి వస్తుంది.

మూడవది వేదిక దారి. 2001లో బెర్లిన్ నుంచి వచ్చిన ఏబుల్టన్ లైవ్ సంగీత ఖండికలను గళ్లలో అమర్చి, అప్పటికప్పుడు ఏది కావాలంటే అది మోగించే సౌకర్యం కల్పించింది. సభలో ప్రదర్శన ఇచ్చేవారికీ, ప్రయోగాలు ఇష్టపడేవారికీ అది ఆప్తమిత్రం. దాని చిన్న కూర్పు కొన్ని కీబోర్డులతోను, రికార్డింగు పరికరాలతోను ఉచితంగా లభిస్తుంది. కనుక ఇంట్లో అటువంటి పరికరం ఉన్నవారు దాని పెట్టె మరొకసారి వెదికి చూడడం మంచిది.

నాలుగవది ఉచిత మార్గం. యాపిల్ యంత్రాలు ఉన్నవారికి 2004 నుంచి గ్యారేజ్‌బ్యాండ్ ఉన్నది. ఇతరులకు ఆడాసిటీ ఉన్నది. రికార్డు చేయడానికి, కత్తిరించి శుభ్రపరచడానికి అది చాలు గాని, వాద్యాలతో కూర్పు చేయడానికి అంతగా అనువైనది కాదు. ఫోనులోను, బ్రౌజరులోను నడిచే బ్యాండ్‌ల్యాబ్ వంటివీ ఉన్నాయి.

ఉచితమైనది చులకన అనుకోరాదు. 2007లో లోకమంతటా మారుమ్రోగిన రిహానా పాట 'అంబ్రెల్లా' వెనుక వినిపించే డ్రమ్ము దరువు గ్యారేజ్‌బ్యాండ్‌తో ఎవరికైనా లభించేదే. అమెరికాలో స్టీవ్ లేసీ అనే యువకుడు ఐఫోనుమీద కూర్చిన సంగీతం 2017లో కెండ్రిక్ లమార్ సంపుటంలోకి ఎక్కింది. బిల్లీ ఐలిష్ తొలి సంపుటాన్ని ఆమె అన్న ఫినియస్ తమ ఇంటి పడకగదిలో లాజిక్‌తో రూపొందించాడు; 2020లో దానికి గ్రామీ పురస్కారాలు లభించాయి. ఈ ముగ్గురి పనిముట్లు వేరు వేరు. పోలిక ఒక్కటే: చేతిలో ఉన్నదానితో పాటను పూర్తిచేశారు.

గీతల పంజరం

మన సంగీతం కూర్చేవారికి మరొక పరీక్ష కూడ ఉన్నది. ఈ సాఫ్ట్‌వేర్లు పాశ్చాత్య సంగీతపు ఒడిలో పెరిగినవి. చాలావాటిని తెరవగానే తెరమీద నాలుగేసి దెబ్బల గళ్లు ప్రత్యక్షమవుతాయి; వేగం నిమిషానికి 120 దెబ్బలని ముందే నిర్ణయమై ఉంటుంది. ఆది తాళానికి ఇబ్బంది లేదు. ఏడు మాత్రల మిశ్రచాపుకూ, అయిదు మాత్రల ఖండచాపుకూ గళ్లు మార్చుకోక తప్పదు. మార్చుకొనడం కష్టం కాదు. మార్చుకోవాలని తెలియకపోవడమే కష్టం. తెలియనివాడు గళ్లకు సరిపోయేటట్లు పాటనే మార్చుకుంటాడు.

దంపుళ్ల పాట సంగతి ఇంకా సున్నితమైనది. దానికి తాళం వేసినది రోకలి. రోకలి ఎత్తినపుడు ఊపిరి అందుకొని, దించినపుడు మాట విడిచే పాట అది. చేయి అలసినపుడు నడక మందగిస్తుంది. పక్కన మరొక ఆడమనిషి రోకలి అందుకొంటే ఊపు వస్తుంది. ధాన్యపు మిల్లులు వచ్చి ఆ పని ఆగిపోయిన తరువాత ఈ పాట వృద్ధుల జ్ఞాపకంలో మాత్రమే మిగిలింది. బిరుదురాజు రామరాజు 1950 దశకంలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన ఇటువంటి పాటలకు పండితలోకంలో గౌరవస్థానం కల్పించింది. అయినా పుస్తకానికి ఎక్కేది మాట. ఊపిరి, విరుపు, గొంతులోని జీర పుస్తకానికి ఎక్కవు. వాటిని పట్టుకోగలది రికార్డింగు మాత్రమే.

ఆ రికార్డింగును గళ్లలోకి బలవంతంగా నెడితే పాటలోని ప్రాణం పోతుంది. కనుక కొత్తవాడు సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకునేటపుడు అడుగవలసిన ప్రశ్న ఇది: గొంతును గళ్లకు జరపకుండా, గొంతు నడకను అనుసరించి గళ్లనే జరుపుకొనే మార్గం ఇందులో సులభంగా ఉన్నదా? లాజిక్, లైవ్, రీపర్ మున్నగువాటిలో ఆ మార్గం ఉన్నది.

శ్రుతి విషయమూ ఇటువంటిదే. ఈ సాఫ్ట్‌వేర్ల వాద్యాలు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన కొలతకు కట్టుబడి ఉంటాయి. 440 హెర్ట్జుల ప్రామాణిక స్వరం వాటికి ఆధారం. అమ్మమ్మ పాడినపుడు ఆమె ముందు హార్మోనియం లేదు. ఆమె శ్రుతి రెండు మీటల నడుమ ఎక్కడో నిలుస్తుంది. రెండు మీటల మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. ఆమె శ్రుతి మీటకంటె 30 సెంట్లు తక్కువైతే, తంబురానూ వేణువునూ ఆ 30 సెంట్లు దించుకోవాలి. ఆమె గొంతును ఎత్తరాదు.

గొంతును ఎత్తే యంత్రమూ లేకపోలేదు. 1997లో వచ్చిన 'ఆటోట్యూన్' అపస్వరాన్ని దగ్గరి స్వరానికి ఈడ్చి నిలబెడుతుంది. దానిని రూపొందించిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణలో భూగర్భ ధ్వని తరంగాలను విశ్లేషించిన శాస్త్రజ్ఞుడు కావడం విశేషం. అయితే ఆ యంత్రానికి అపస్వరానికీ గమకానికీ భేదం తెలియదు. స్వరంనుంచి స్వరానికి జారే జారుడును అది దోషంగా ఎంచి చెరిపివేస్తుంది.

కొనేముందు చూడవలసినవి

సాఫ్ట్‌వేర్ ఎంపికకు ముందే చేయవలసిన పని ఒకటి ఉన్నది. ఫోనులో ఉన్న అసలు రికార్డింగును మరి రెండుచోట్ల భద్రపరచడం. ఫోను పోతే కొత్త ఫోను దొరుకుతుంది. ఆ సంక్రాంతినాటి గొంతు దొరకదు. మళ్లీ రికార్డు చేసే అవకాశం ఉంటే 24 బిట్లు, 48,000 నమూనాల రేటున చేయడం మేలు. ఒక్క గొంతుకు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్ల స్థలమే పడుతుంది.

కంప్యూటరు శక్తిని గురించి అతిగా భయపడనక్కరలేదు గాని, ధ్వని జాప్యాన్ని మాత్రం గమనించాలి. మీట నొక్కిన క్షణానికీ శబ్దం చెవికి చేరిన క్షణానికీ మధ్య ఎడం ఎక్కువైతే ఎవరూ లయ తప్పకుండా వాయించలేరు. కంప్యూటరు ధ్వనిని గుత్తులు గుత్తులుగా అందుకొంటుంది. 48,000 రేటున 512 నమూనాల గుత్తికి పట్టే కాలం సుమారు 10.7 మిల్లీసెకన్లు. వాద్యకారునికి మూడున్నర మీటర్ల దూరంలో కూర్చొని వినడం వంటిది ఇది, అంతవరకు సహించవచ్చు. తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోనులతో ఈ జాప్యం అనేక రెట్లు పెరుగుతుంది. కాబట్టి తీగ ఉన్న హెడ్‌ఫోనులే ఈ పనికి ఉత్తమం.

నెహ్రూ ప్లేస్ కంప్యూటరు బజారుకో, ఎర్రకోట ఎదుటి లజపతరాయ్ మార్కెట్టుకో వెళ్లి ఖరీదైన మైకు తెచ్చుకొనేముందు, గదిని చక్కదిద్దుకోవాలి. నాలుగు బోడి గోడల నడుమ ఎంతటి మైకైనా ప్రతిధ్వనినే పట్టుకొంటుంది. ఢిల్లీ చలికాలంలో ప్రతి గదిలోనూ ఉండే దూది రజాయిని మైకు వెనుకా, పాడేవారి వెనుకా వేలాడదీస్తే సగం ప్రతిధ్వని అణగిపోతుంది. సీలింగు ఫ్యాను ఆపాలి. పక్కింటి ప్రెషర్ కుక్కరు కూతలు ముగిసేవరకు ఆగాలి.

ఇక దొంగ ప్రతుల సంగతి. వేల రూపాయల సాఫ్ట్‌వేర్‌ను తాళం పగులగొట్టి ఉచితంగా ఇచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. వారు ఇచ్చేది ఒక్క సాఫ్ట్‌వేరేనన్న హామీ లేదు. దానితోపాటు వైరసు కూడ ఇంట అడుగు పెట్టవచ్చు. బ్యాంకు లావాదేవీలు జరిగే కంప్యూటరులోనే, అమ్మమ్మ పాట ఉన్న కంప్యూటరులోనే అది తిష్ఠ వేస్తుంది. న్యాయంగా ఉచితమైనవి ఇన్ని ఉండగా ఆ దారి త్రొక్కడం అవివేకం.

మూడు ఆదివారాలు

ఎంపికకు ఒక గడువు విధించుకోవడం మంచిది. మూడు సాఫ్ట్‌వేర్లను ఉచిత కూర్పులుగానో, పరీక్ష కూర్పులుగానో తెచ్చుకోవాలి. మూడు ఆదివారాలు, రోజుకొకటి చొప్పున, ఒకే పాటను ఒకే రీతిగా కూర్చడానికి ప్రయత్నించాలి. గొంతును లోపలికి తెచ్చుకొనడం, తంబురాను ఆ శ్రుతికి దించడం, రోకటి దరువును గొంతు నడకకు జతపరచడం, పాటను బయటకు తీయడం: ఈ నాలుగు పనులే పరీక్ష. ఏ ఆదివారం సాయంకాలానికి పాట, ఎంత ముతకగానైనా సరే, చివరికంటా చేరుకొన్నదో ఆ సాఫ్ట్‌వేరే అతనిది. నాలుగవ ఆదివారం నుంచి పోల్చి చూడడం మానివేయాలి. కనీసం ఒక ఏడాది దానినే అంటిపెట్టుకొని ఉండాలి. ఒకదానిలో నేర్చుకొన్న చెవి రేపు మరొకదానిలోనూ పనికివస్తుంది. పట్టికలు వ్రాయడంలో గడిపిన నెలలు ఎక్కడా పనికిరావు.

సైదులాజాబ్‌లోని ఆ గదిని పాఠకులు మరొకసారి ఊహించుకొనవచ్చు. ఇది నాలుగవ ఆదివారం. పాట పూర్తయింది. యువకుడు దానిని ఊరికి పంపాడు. ఇంట్లో ఎవరో ఫోను అమ్మమ్మ చెవి దగ్గర పెట్టి వినిపించారు. సాయంత్రం ఆమెతో మాట్లాడే సమయానికి అతని గుండె దడదడలాడుతున్నది. ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశావని ఆమె అడగలేదు.

"నా గొంతు బాగా ఇనపడతంది రా నానా," అన్నది అమ్మమ్మ. "రోకలే కూసింత తొందరపడతంది."

యువకుడు నవ్వుకొని లాప్‌టాప్ తెరిచాడు. గొంతును ముట్టుకోలేదు. రోకటి దెబ్బలను ఒక్కొక్కటిగా వెనుకకు జరపసాగాడు.